సున్నపు గీత మీద నిలబడ్డా

కోడలు గోడకి సున్నం కొడుతుంటే ఆ తడి వాసనకి చిన్నప్పటి ఫుట్‌బాల్ ఆట గుర్తొచ్చింది.

పిడుగురాళ్లలో మా సున్నం బట్టీ కుర్రాళ్లకి ఓ టీముండేది. గ్రౌండులో గీతలకి సున్నం మా అమ్మ పనిచేసే బట్టీ నించే పోయేది. సున్నం మాదైతే గీత గూడా మాదేననుకుని, దానిమీదే నిలబడి మావోళ్ల కోసం గొంతు చించుకున్నా.

"ఏమే, ఆడపిల్లవి, ఈడేం పని? ఎనక్కి పో!" అన్నాడు ఓ పెద్దాయన.

"మా అమ్మ కాల్చిన సున్నం బాబాయ్. నువ్వే పో!" అన్నా.

అమ్మ గబగబా వస్తుంటే చెంప పగిలిందే అనుకున్నా. అమ్మేమో నా పక్కనే నిలబడి, "కేకలెయ్యవే, ఇంకా గట్టిగా!" అంది. మావోళ్లు ఓడారు. మేం మాత్రం ఆటయ్యేదాకా కదల్లా.

ఆ సున్నం మాది కాదని, బట్టీ సావుకారుదని పెద్దయినాక తెలిసింది. అయితే ఏంది? మా ఆయన పోయినాక గూడా పెళ్లిళ్లలో ముందు వరసలోనే కూర్చుంటన్నా. ఎనక్కి జరగమన్నోళ్లని ఎందుకని అడుగుతన్నా.