ఉప్పు వేయని కుండ

బీరు రుచి చూసి మార్కులు వేయడం నా పని అంటే మా వైపు ఎవరూ నమ్మరు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను తాగేది బీరే కాబట్టి వాదించే దారి కూడా లేదు. బెంగళూరులో సొంతంగా బీరు కాచేవాళ్లు పోటీలు పెట్టుకుంటారు. మేం గ్లాసు వెలుతురుకి ఎత్తి రంగు చూస్తాం, వాసన చూస్తాం, ఒక గుక్క మింగుతాం. ఉమ్మేస్తే కుదరదు. చేదు సంగతి తేలేది గొంతు దగ్గరే.

ఒకసారి పోటీకి ఎవరో పుల్లటి బీరు తెచ్చారు. గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చానో లేదో, తమిళనాడులో, కోవిల్‌పట్టి పక్క పల్లెలో అమ్మ సజ్జ అంబలి కుండ మూత తీసినట్టయింది. పక్కవాళ్లు నిమ్మకాయ అంటున్నారు, పెరుగు అంటున్నారు. ఇంట్లో సజ్జల్ని కంబు అనీ, ఆ అంబలిని కూళు అనీ అనేవాళ్లం. కాచి, పులియబెట్టి, చిక్కటిది పొలానికి పంపి, పైన తేరిన తేట పిల్లలకి పోసేది అమ్మ. ఆమె పోయాక నేను మళ్లీ అది తాగలేదు.

ఇక ఆ తేట కోసం పట్టు పట్టాను. బీరు కాచే స్నేహితురాలి ప్రాణం తోడేశాను. ఊరికి వెళ్లినప్పుడల్లా విరుదునగర్ బజారులో సజ్జలు కొని మోసుకొచ్చాను. బెంగళూరు సజ్జలకు మా నల్లరేగడి వాసన ఉండదని నా మొండితనం. కాచాం, పారబోశాం, మళ్లీ కాచాం. చివరికి వాసన కుదిరింది, పులుపు కుదిరింది, అయినా ఏదో తక్కువగానే ఉంది. పరాయివాళ్ల బీరుకు ఇట్టే తీర్పు చెప్పే నా నాలుక మా బీరు దగ్గర మూగబోయింది.

ఆ కూళు తాగినవాళ్లలో నేను కాక ఇప్పుడు మిగిలింది చిన్నమ్మ ఒక్కతే. అమ్మ చెల్లెలు. కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి కాచే వీధిలో ఉంటుంది. ఒక సీసా చీరల మధ్య చుట్టుకుని వెళ్లాను.

"సారాయమా?" అంది చూడగానే.

"బీరు సిన్నమ్మా. కంబుతో కాస్తిమి. నాలిక్కి తగిలించి సెప్పు, సాలు."

"ఇదా నీ ఉద్యోగం? బాగుండాదే నీ పొళప్పు."

గ్లాసు ముట్టుకోకుండా అరచెయ్యి చాపింది. కూళు పులిసిందో లేదో మా ఇళ్లల్లో చూసేది అలాగే. గరిటె నోటికి తగిలితే కుండంతా ఎంగిలి. కొంచెం పోశాను. వాసన చూసి, నాకి, కళ్లు మూసుకుంది.

"మా అక్క కుండలో తేటే ఇది," అంది మెల్లగా. "శరి, ఉప్పెక్కడే?"

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. నాకు ఎందుకు తట్టలేదో అప్పుడు తెలిసింది. అమ్మ కుండలో ఎన్నడూ ఉప్పు వేయలేదు. అడుగున మిగిలినదే మర్నాటి కూళుకి తోడు, ఉప్పు పడితే సరిగా పులవదని ఆమె నమ్మకం. ఎవరి లోటాలో వాళ్లకి, చేతికిచ్చేటప్పుడు వేళ్లతో ఉప్పు నలిపి వేసేది. నేను కుండనొక్కదాన్నే గుర్తు పెట్టుకున్నాను.

చిన్నమ్మ గ్లాసులో బీరు పోయించి ఒక ఉప్పురాయి వేసింది. అది బుస్సున పొంగి గచ్చు మీద పారింది. ఇద్దరం నవ్వాం. మిగిలింది తాగాను. ఎంత దగ్గరికి వచ్చిందంటే ఏడుపొచ్చింది. ఇంకాస్త పడాలనిపించి మరో రాయి వేయించుకున్నాను. ఈసారి ఎక్కువైంది.

"నాకు అమ్మ ఎంతేస్తా ఉండె సిన్నమ్మా?"

"నాకేం తెలుసు పాపా? నా లోటాకి ఎంతో అడుగు, సెప్తాను. నీది అక్క సేతికే తెలుసు."

లోటా అందుకునేటప్పుడు నా చూపంతా కూళు మీదే ఉండేది. ఎన్ని బీర్లు రుచి చూసినా ఆ కొలత నాకిక దొరకదు. అమ్మ నా లోటాలో ఉప్పు నలుపుతుంటే ఒక్కసారి పక్కన నిలబడి చూడాలని ఉంది.