శంఖం ఊదితే చావాలి

ఇప్పుడంటే కాగితంలో చూసుకుని పాడుతున్నాను గానీ, ఆ డెబ్బైల రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు, నాకున్నవల్లా రెండు చెవులే. తిరువూరు నాటక సమాజంలో వంతపాట వాళ్ళలో నేనే కొత్త, సమాజం నడిపే కంట్రాక్టరుగారు నన్నింకా ఖాయం చెయ్యలేదు. తెర చాటున పాడేవాళ్ళం, యుద్ధం వస్తే సైన్యం వేషమూ మాదే. తబలా నడక మారితే పాట అందుకోవాలి, శంఖం ఊదితే పడి చావాలి. (చావడంలో నాకు మంచి పేరుండేది. ముందు మోకాళ్ళు, తర్వాత భుజం, ఆఖర్న తల.)

ఆ ఏడు మొదటిసారి వేషాలూ తెరా లేకుండా నాటకం పాటలతోనే కచేరీ పెట్టారు. ఒకే రంగు చీరల్లో మైకు ముందు వరసగా నిలబడ్డాం. మా ఊరు పెనుగొలను నుంచి వచ్చి మా అమ్మ ముందు వరసలో కూర్చుంది. "కంట్రాక్టరుగారు ఉంచుకుంటానంటే సరే. లేదంటే పొద్దున్నే నాతో వచ్చి పత్తి తియ్యి" అని ముందే చెప్పింది. "ఇవాళ విని చెప్తానమ్మా" అన్నారాయన.

ఎంత బాగా పాడామో. ఆఖరి యుద్ధం పాట తారస్థాయికి వెళ్ళింది. ముగింపు ఘనంగా ఉండాలని హార్మోనియం బాబాయి శంఖం తీసి ఊదాడు.

నేను చచ్చిపోయాను. మోకాళ్ళు, భుజం, తల, వరస తప్పకుండా. పడ్డాక గుర్తొచ్చింది, ఇది కచేరీ అని. లేద్దామంటే శవం లేవకూడదాయె. పక్కనున్న పిన్ని గొణిగింది: "ఏంటే, చచ్చావేంటి?"

"శంఖం ఊదారుగా పిన్నీ."

"నిజమే" అంటూ ఆవిడా పడింది. ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళూ ఒకరి తర్వాత ఒకరు కూలారు. "పొద్దుట్నుంచీ ఏం తిన్లేదండీ నా పిల్ల" అంటూ అమ్మ స్టేజీ ఎక్కేసింది. అంతలో జనం ఈలలు, వన్స్‌మోర్‌లు.

కంట్రాక్టరుగారు మా మీదికి వంగి, "లేవండమ్మా, మళ్ళీ చావాలి" అన్నారు. తర్వాత అమ్మవైపు తిరిగి, "పాడేవాళ్ళు దొరుకుతారు గానీ, శంఖానికి ఇంత కట్టుబడేవాళ్ళు దొరకరు. మీ అమ్మాయి మా దగ్గరే ఉంటుంది" అన్నారు.

పొద్దున్నే అమ్మ ఒక్కతే బస్సెక్కింది. "పడేటప్పుడు కాస్త చూసుకుని పడవే" అంది కిటికీలోంచి.

ఇప్పటికీ నెమలి ఊరి గుళ్ళో శంఖం ఊదితే నా మోకాళ్ళు సడలిపోతాయి. "నొప్పులా అమ్మమ్మా?" అని మనవరాలు చెయ్యి పట్టుకుంటుంది. అవునే అంటాను.