పేరు చెక్కిన గ్లాసు

నేను చెప్పేది నమ్మేవాళ్ళు ఆ రోజుల్లో చిక్కడపల్లిలో ఎవరూ లేరు. మా బావగారు గాలిపటం దారం పట్టుకుని నారాయణగూడ నుంచి లోయర్ ట్యాంక్ బండ్ దాకా ఎగిరి వెళ్ళి, దిగాక చెప్పులు కనిపించక వెతుక్కుంటూ నడిచి వెనక్కి వచ్చాడని చెప్పినదాన్ని నేను. దగ్గరుండి చూసినట్టే చెప్పాను. అలాంటి నన్ను కోర్టు వారు సాక్షిగా పిలిచారని తెలిసి మా ఆయన అన్నం ముందు కూర్చుని పొలమారేలా నవ్వాడు.

కేసు మా పక్క వాటాలో ఉండే టీచరమ్మది. గుంటూరు వైపు పిల్ల. భర్త చేయి చేసుకుంటున్నాడని, కూతుర్ని చంకనేసుకుని అడిక్‌మెట్‌లో కాపురం వదిలి వచ్చింది. అప్పట్లో విడాకులు అంత తేలిగ్గా దొరికేవి కావు. ముందు వేరుగా ఉండడానికే కోర్టు ఒప్పుకోవాలి. ఆవిడ అడిగింది అదే, దానితోపాటు పిల్లని. ఆయనేమో మా మధ్య గొడవలేమీ లేవు, భార్యని కాపురానికి పంపండి, రానంటే పిల్లనైనా ఇప్పించండి అన్నాడు. అయిదేళ్ళు నిండేదాకా పిల్ల మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టం. ఊళ్ళో బందుల వల్ల కేసుకి వాయిదా మీద వాయిదా పడుతోంది. పిల్ల మాత్రం ఏ వాయిదా లేకుండా పెరుగుతోంది. అయిదు నిండేలోపు తేలకపోతే ఏమవుతుందోనని ఆ తల్లికి నిద్ర లేదు.

తీర్పు వచ్చేవరకు ఆదివారం పొద్దున్న తండ్రి వచ్చి పిల్లని చూసి వెళ్ళవచ్చని ఆర్డరైంది. ఆ విషయం మాట్లాడడానికి నారాయణగూడలో ఉండే వకీలుగారింటికి ఆవిడతోపాటు నేనూ వెళ్ళాను. తోడుకని చెప్పాను గానీ, అసలు అక్కడ ఏం మాట్లాడుకుంటారో వినాలని.

"చూడమ్మా, ఆయనొస్తే కుర్చీ వెయ్యి. గంతే. చాయ్ వద్దు, కాఫీ వద్దు" అన్నారు వకీలుగారు.

"ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుండా ఎలాగండీ?" అంది టీచరమ్మ.

"ఇచ్చినవనుకో, చేసిన తప్పు మాఫ్ చేసినవంటరు. మాఫ్ చేస్తె కేసు ఖతం."

"కాఫీకే?" అన్నాను నేను. "పోనీ మజ్జిగైతే?"

"వద్దు."

"మంచినీళ్ళు? పాపం, పొలమారితేనో?"

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "అమ్మా, కేసు ఆమెదా, మీదా? కానూన్ల కాఫీ ముచ్చట ఏడ లేదు. కాని అవతలి వకీలు ఉన్నడు చూడు, ఒక్క గ్లాసుల కెల్లి మొత్తం కాపురం బయటికి గుంజుతడు."

ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ నాకు అదే ఆలోచన. క్షమించడమనేది గ్లాసులో ఏ మట్టం దగ్గర మొదలవుతుంది? సగం కాఫీ పోస్తే సగం మాఫ్ అవుతుందా?

ఆదివారం పాప తండ్రి వచ్చాడు. వరండాలో కూర్చున్నాడు. టీచరమ్మ కాఫీ ఇవ్వకుండా కాసేపు తట్టుకుంది. తర్వాత పెరటి తలుపు తీసుకుని కాఫీ గ్లాసుతో నా వంటింట్లోకి వచ్చేసింది.

"పిన్నిగారూ, మీరిచ్చినట్టు ఇచ్చెయ్యండి."

రుచి చూశాను. నా పంచదార డబ్బా అందుకోబోయాను.

"వెయ్యకండి."

"రేషన్ పంచదార అయిపోతే చెప్పొచ్చుగా, అమ్మాయ్."

"ఇంట్లో ఉంది. వెయ్యకండి."

తీసుకెళ్ళి ఆయనకిచ్చాను. ఊరికే ఇస్తే నేనెందుకవుతాను? "మా ఇంటి కాఫీ బాబూ. మా అన్నయ్య కూర్గులో ఏనుగు మీదెక్కి కోసుకొచ్చిన గింజలు" అన్నాను. ఆయన ఒక గుక్క తాగి, గ్లాసు వైపు చూసి, పాప వైపు జరిగి కూర్చున్నాడు. చాలాసేపు తాగాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే వరస.

కోర్టులో నన్ను బోనెక్కించాక అవతలి వకీలు మెల్లగా అడిగాడు.

"ఆ కాఫీ గ్లాసు మీద ఎవరి పేరుందమ్మా?"

అప్పుడు వెలిగింది నాకు. మనవాళ్ళకి గిన్నె కొంటే పేరు చెక్కించందే తోచదు కదా. కాపురానికొచ్చిన కొత్తలో ఆ పిల్ల తన జీతంతో సుల్తాన్ బజార్‌లో స్టీలు గ్లాసు కొని, మొగుడి పేరు చెక్కించింది. ఆదివారం ఆయన రాగానే చెయ్యి అలవాటుగా ఆ గ్లాసు మీదికే పోయింది. మోసిన నేనూ చూడలేదు, పోసిన తనూ చూడలేదు. తాగినాయన చూశాడు.

"ఆయన పేరేనండీ."

"కాఫీ కలిపింది?"

"ఆవిడే."

అంత పొట్టి నిజాలు వెంటవెంటనే రెండు చెప్పడం నా జన్మలో అదే మొదలు. అవతలి వకీలు జడ్జీగారి వైపు తిరిగి చేతులు చాపాడు. "భర్త గ్లాసులో, భర్తకి, తన చేత్తో కలిపిన కాఫీ! ఇంతకంటే కాపురమేముందండీ?" మన వకీలుగారు తల దించుకున్నారు.

"పంచదార లేదండీ అందులో" అన్నాను.

"ఏనుగు మీద కోసిన గింజలన్నది కూడా మీరేనట కదమ్మా?"

"అది అబద్ధం. ఇది నిజం."

హాలంతా నవ్వారు. ఉన్న మాట చెబితే నవ్వడమేమిటో! జడ్జీగారు మాత్రం నవ్వలేదు. భర్తని లేపి నిలబెట్టారు.

"తాగింది మీరు కదా. పంచదార ఉందా?"

ఉందంటే సరిపోయేది. కాదనేవాళ్ళెవరు? నా మాట ఎలాగూ చెల్లదు. ఆయన నేల చూపులు చూశాడు.

"లేదండీ."

"మీకు అలవాటేనా?"

"కాదండీ. నాకు రెండు చెంచాలుండాలి. ఆవిడకి తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగితే గ్లాసు లోపలికి తీసుకుపోతారండీ. గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ పాప నా పక్కన కూర్చునేది."

తెలిసి కూడా పంచదార వెయ్యలేదంటే మాఫ్ చెయ్యనట్టేనని, తీర్పు టీచరమ్మకే వచ్చింది. వేరుగా ఉండవచ్చన్నారు. అయిదు నిండినా పాప తల్లి దగ్గరే. పాప ఖర్చుకి ఆయన నెలనెలా ఇవ్వాలి. ఆదివారాలు ఎప్పటిలాగే. గిన్నెల దగ్గర మాత్రం ఎవరి పేరున్నవి వాళ్ళకన్నారు. ఆవిడ జీతంతో కొన్న గ్లాసు అడిక్‌మెట్‌కి పోయింది. ఇదేం న్యాయమని వకీలుగారిని నిలదీశాను.

"పేరు చెక్కించేటప్పుడు సోచాయించాలె కదమ్మా!" అన్నారు.

మరుసటి ఆదివారం పాప తండ్రి సంచిలోంచి ఆ గ్లాసు తీసి స్టూలు మీద పెట్టాడు. టీచరమ్మ దాన్ని లోపలికి తీసుకెళ్ళి కడిగింది. నేను పంచదార డబ్బాతో వెనకాలే చేరాను.

"కేసు అయిపోయిందిగా అమ్మాయ్. ఇంక వకీలుగారి భయం లేదు."

"వకీలుగారికి భయపడి మానేశాననుకున్నారా పిన్నిగారూ?"

డబ్బా మూత పెట్టేశాను. అప్పటిదాకా గ్లాసులో ముప్పావు వరకే పోసేది. ఆ రోజు అంచు దాకా పోసింది. వరండాలో పాప అప్పటికే తండ్రి పక్కన చేరింది. అంత నిండు గ్లాసు తొణక్కుండా అక్కడిదాకా తీసుకెళ్ళేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.