పెట్రోలు మూతపై చందనం

నియమం తప్పని వారు సైతం నావలె పొరబడవచ్చును గనుక దీనిని రాసి ఉంచుతున్నాను.

నిరుటి వేసవిలో మామిడి మొక్కలకు నీరు తోడే మా చిన్న ఇంజను పది నిమిషాలు తిరిగి ఆగిపోయేది. మొక్కలు వాడిపోసాగాయి. చిత్తూరు మెకానిక్కులు చేతులెత్తేశారు. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజనును గోతంలో పెట్టుకొని తిరుపతి బస్సెక్కాను.

పక్క సీటులో ఇంజన్ల ఫ్యాక్టరీ యూనిఫాం ధరించిన యువతి కూర్చుంది. గోతంలోంచి కనబడుతున్న పెట్రోలు మూతను చూసి నవ్వింది.

"ఈ సందనం ఎవరు పూసినారు సార్?"

"నేనే. ప్రతి శుక్రవారం పూస్తాను."

"బో భక్తిగా దాని ముక్కు మూసేసినారే! మూతకు సన్న బొక్క ఉండాది సార్. దాంట్లోంచి గాలి లోపలికి పోకపోతే పెట్రోలు దిగదు. మేమూ పూజ సేస్తాం గానీ, బొట్టు ట్యాంకుకు పెడతాం."

గాజుకున్న పిన్నీసు తీసి, గట్టిపడిన చందనాన్ని పొడిచి రాల్చింది.

"తిరపతి దాకా ఎందుకు? పాకాలలో దిగి ఎనక్కి పోండి."

అలాగే దిగాను. ఆ సాయంత్రం చివరి మొక్క పాదు నిండేవరకు ఇంజను ఆగలేదు. ఆ చప్పుడు వింటూ గట్టుమీదే కూర్చుండిపోయాను.

ఆమె పేరు అడగలేదు. ఆమె మాటలను నేను సరిగా అర్థం చేసుకోక ఏదైనా తప్పు రాసి ఉంటే, ఇంజన్ల పని తెలిసిన పాఠకులు దిద్దవలసిందిగా కోరుతున్నాను.