ఆగవలసిన చోటు

మా నియుతావో దీవిలో పాట మొదలుపెట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పాట మొత్తం నాలుగు పాదాలే. మొదట నిద్రమత్తులో ఉన్నట్టు నెమ్మదిగా పాడతారు. మళ్ళీ అవే నాలుగు పాదాలు, కాస్త వేగంగా. మళ్ళీ అవే. కొత్త మాట రాదు, కొత్త మెలిక రాదు. మగవాళ్ళు చెక్కపెట్టె చుట్టూ చాప మీద కూర్చుని అరచేతులతో బాదుతారు. వాళ్ళ వెనక ఆడవాళ్ళు వరసల్లో నిలబడి ఆడతారు. వేగం పెరిగి పెరిగి ఇక ఊపిరాడదు అనుకునే వేళకు పాట ఆగుతుంది, అందరి చేతులూ ఒకే దెబ్బతో. పనితనమంతా ఆ ఆగడంలోనే ఉంది. ఆ తరవాత ఒక్క చెయ్యి పెట్టెకు తగిలినా ఆ పక్షం పరువు పోయినట్టే. ఊళ్ళో ఉన్నవి రెండే పక్షాలు కనక, ఎదుటి పక్షం ఏడాదిపాటు దాన్ని చెప్పుకుని నవ్వుతుంది.

ఉత్తర పక్షం పెట్టె దగ్గర సెలుకాకు ఒక చోటు ఉంది. వాళ్ళ నాన్న కూర్చున్న చోటే అది. పడుచువయసులో సెలుకా విదేశీ ఓడల్లో పనికి వెళ్ళి, ఇంజను గదిలోనే సగం జీవితం గడిపాడు. తిరిగొచ్చేటప్పటికి నాన్న లేడు, అన్న లేడు, పెళ్ళాడతానన్న పిల్ల ఎదురుచూసి చూసి విసిగిపోయి ఇంకొకర్ని చేసుకుంది. ఆ పిల్లను తప్పుపట్టడానికేమీ లేదు. ఇతగాడు ఉత్తరం ముక్క రాసిన పాపాన పోలేదు. మిగిలింది ఒక గుడిసె, కల్లు గీయడానికి రెండు కొబ్బరిచెట్లు, పెట్టె దగ్గర ఆ చోటు.

ఇంకొకటి కూడా అతనితోపాటు ఓడ దిగింది. ఇంజను మోత అతని చెవుల్ని తినేసింది. మొదట పిల్లల గొంతులు పోయాయి, తరవాత ఆడవాళ్ళవి, ఆ తరవాత సముద్రం హోరు. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. చెవిటివాణ్ణి పెట్టె దగ్గర ఎవరు కూర్చోనిస్తారు?

మా ఊళ్ళో దారిలో ఎదురైన మనిషిని ఎక్కడికి పోతున్నావని అడగడం మర్యాద. వెనకనుంచి అడిగినా జవాబు చెప్పాలి. అలా వెనకనుంచి అడిగితే సెలుకా చెప్పేవాడు కాదు. పిలిచినా తిరిగి చూసేవాడు కాదు. నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే, అందరూ నవ్వి ఊరుకున్నాక అతను నవ్వేవాడు. కొన్నాళ్ళకు ఆ నవ్వు కూడా మానేసి, కబుర్ల దగ్గరికి రావడమే మానుకున్నాడు. ఓడల్లో తిరిగొచ్చాడు కదా, కళ్ళు నెత్తికెక్కాయి అన్నారు జనం. ఆ మాట పెదవుల కదలికలో చదివినప్పుడు అతనికి బాధే వేసింది. కానీ చెవిటివాడు అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే మేలనుకున్నాడు. ఒంటరితనాన్ని చేజేతులా కొనితెచ్చుకున్న మనిషిని చూసి జాలిపడాలో తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పెట్టె దగ్గర మాత్రం అతను ఒంటరి కాదు. దరువు చెవిలోంచే రావాలని ఏముంది? అది చాపలోంచి తొడల్లోకి వచ్చేది, చెక్కలోంచి మోచేతుల దాకా ఎక్కేది. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళ భుజాలు తన భుజాలకు తగులుతుంటే, వాళ్ళ చెమటా తన చెమటా కలిసిపోతుంటే, ఆ కాసేపూ అందరిలో ఒకడు. ఆ కాసేపు కోసమే అతను మిగతా ఏడాదిని ఓపిక పట్టేవాడు. అది పోతే అతనికి మనుషులనేవాళ్ళు లేరు.

చిక్కంతా ఆగడం దగ్గరే. పాట ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది సెలుకా వదిన, చనిపోయిన అన్న భార్య ఫియాలువా. పెట్టెకు అవతల, అతనికి ఎదురుగా నిలబడి ఉత్తర పక్షం ఆడవాళ్ళకు గొంతు అందించేది ఆవిడే. చివరి సారి పాడబోయే ముందు ఆవిడ గొంతు పైకి లేస్తుంది, దాన్ని విని అందరూ సిద్ధమవుతారు. గొంతు లేవడానికి ముందు ఆవిడ దవడ కొంచెం పక్కకు కదులుతుందని సెలుకా కనిపెట్టాడు. ఈ సంగతి ఆవిడకే తెలియదు. అన్ని ఆటల్లోనూ అతను ఆ దవడ మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు. వదినను అంతగా చూస్తాడేమిటని ఎవరో గుసగుసలాడారు కూడా.

ఆ యేడు కొత్త సంవత్సరం పండగ రెండో రోజు, భోజనాలయ్యాక మధ్యాహ్నం ఆటలు మొదలయ్యాయి. ఫియాలువాకు పన్ను పోటు. బుగ్గ వాచి, గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా గుడ్డ కట్టుకుని వచ్చింది. వద్దంటే వింటుందా? ఆవిడ గొంతుకేం కాలేదు. మనేయప అనే ఊరి సభాశాలలో ఆవిడ అడుగుపెట్టగానే సెలుకా దవడ కోసం వెతికాడు. గుడ్డ చాటున అది కనపడలేదు. ఒంట్లో బాగాలేదని లేచిపోవచ్చు. లేవలేదు. ఏడాదంతా ఎదురుచూసిన రోజు అది.

పాట మొదలైంది, వేగం అందుకుంది. నేల అదిరింది. సెలుకా గుడ్డ కేసి చూశాడు, కళ్ళ కేసి చూశాడు, పక్కవాడి మోచేయి కేసి చూశాడు. మోచేయి ఆగింది. అప్పటికే అతని చెయ్యి దిగుతోంది.

ఆ ఒక్క దెబ్బ సభాశాలంతా వినపడింది, కొట్టినవాడికి తప్ప. ఎదుటి పక్షం నవ్వు ఆపుకోలేక చాపల మీద పడి దొర్లింది.

దక్షిణ పక్షానికి పాటలు కట్టే తానేయ్ వరసకు సెలుకాకు బావ. నోటికి తాళం లేని మనిషి. "బావా, నీ ఓడ ఇంకా రేవు చేరలేదా?" అని అరిచి, చుట్ట ఆరేలోపల పాట కట్టేశాడు. అందరూ ఇల్లు చేరాక ఒక్కడు మాత్రం తెడ్డు వేస్తూనే ఉన్నాడని నాలుగు పాదాలు. పాట ఆగినచోట ఒక దెబ్బ ఎక్కువ వేశారు, కావాలనే. ఎవరి మీద పాట కడితే వాళ్ళు నడిమధ్యకు వచ్చి ఆడాలి. సెలుకాను చెయ్యిపట్టి లాక్కొచ్చారు. ఆడేవాళ్ళకు అందరికీ చేసినట్టే నెత్తిన పౌడరు గుప్పించారు. అతను నవ్వు ముఖం పెట్టుకుని చేతులు ఊపాడు. కళ్ళలో పౌడరు పడి, తన మీద ఏం పాడుతున్నారో అతనికి ఒక్క మాట తెలియలేదు. పాదాల కింద ఆ ఎక్కువ దెబ్బ మాత్రం తెలిసింది. పాట ఆగిపోయాక కూడా అతని చేతులు ఊగుతూనే ఉన్నాయి. అప్పుడు నవ్వులు ఒక్కొక్కటే తగ్గాయి.

ఫియాలువా మర్నాడు పొద్దున్నే వచ్చింది. సెలుకా కల్లు కత్తి నూరుకుంటున్నాడు. ఆవిడ వెనక నిలబడి, "సెలుకా" అంది. "ఒరే సెలుకా, నిన్నే" అంది. అతను నూరుతూనే ఉన్నాడు. ఆవిడ ముందుకొచ్చి కూర్చుని, నెత్తిన గుడ్డ విప్పి పక్కన పెట్టింది.

"ఎప్పట్నించి?"

ఈసారి పెదవులు కనపడ్డాయి. అతను కత్తి కింద పెట్టాడు. "ఓడ దిగకముందు నించే వదినా."

"చెప్పవేంరా మరి? నీకు పొగరని ఊరంతా తిడుతుంటే నేనూ తిట్టాను గదా. మీ అన్న తద్దినం నాడు అన్నం పెట్టి పిలిస్తే పలకలేదని ఏడాది మాట్లాడలేదు నీతో."

"మాట్లాడలేదా?" అన్నాడు సెలుకా. "నాకు తెలీలేదు వదినా."

ఆవిడకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికీ బుగ్గ నొప్పెట్టింది.

"ఇదిగో, నేను చెప్తున్నా విను. ఈసారి నీ వెనక నిలబడి, ఆపే వేళకి నీ వీపు మీద చెయ్యేస్తాను. ఎవరికీ తెలీదు."

సెలుకా తల అడ్డంగా ఊపాడు. "చెయ్యి పడి, అది నాకు తెలిసి, నేను ఆపేటప్పటికి దెబ్బ దాటిపోతుంది. నీ దవడయితే ముందే చెప్పేది."

"నా దవడేంటి?"

అతను చెప్పాడు. ఆవిడ చాలాసేపు దవడ పట్టుకుని కూర్చుంది.

సంగతి ఊరంతా పాకింది. పాపం మనవాళ్ళు మంచివాళ్ళే. తిట్టడం ఆపేశారు. దారిలో ఎదురైతే చెయ్యూపి, చిరునవ్వు నవ్వి పోతున్నారు. ఎలాగూ వినపడదు కదా అని, ఎక్కడికి పోతున్నావని ముఖం ముందు అడగడం కూడా మానేశారు. తిట్టేటప్పుడు కనీసం పెదవులు అతని కోసం కదిలేవి. ఇప్పుడు అదీ లేదు.

తానేయ్ ఒక చేప పట్టుకుని గుడిసెకొచ్చాడు. నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"ముఖం ఎత్తి చెప్పు బావా."

"తెలీక కట్టాను బావా. ఆ పాట ఇంకెప్పుడూ పాడం, మావాళ్ళందరికీ చెప్పేశా."

"ఎవడు మానమన్నాడు నిన్ను?" సెలుకా గొంతు తనకు తెలియకుండానే పెద్దదైంది. "నా మీద కట్టిన పాట అదొక్కటే. అది కూడా తీసేస్తావా?"

తానేయ్ తల ఊపాడు. అయినా ఎవరూ పాడలేదు. చెవిటివాడి మీద పాట పాడడానికి మనసొప్పలేదు వాళ్ళకు.

పండగ ఆఖరి రోజు ఉత్తర పక్షం వాళ్ళు సెలుకా చోటు ఖాళీగా వదిలి పెట్టె చుట్టూ కూర్చున్నారు. అతను సభాశాల స్తంభం దగ్గర నిలబడి ఉంటే, పక్కవాడు చాప తట్టి రమ్మన్నాడు. వచ్చి కూర్చున్నాడు. భుజాలకు భుజాలు తగిలాయి. పాట మొదలైంది. అతను రెండు అరచేతులూ పెట్టె అంచున ఆనించాడు. కొట్టలేదు. కొడితే ఎక్కడో ఒకచోట తప్పుతాడు, తప్పితే ఈసారి ఎవరూ నవ్వరు. ఆ నవ్వకపోవడాన్ని తట్టుకోలేనని అతనికి తెలుసు.

ఎవరి ముఖమూ చూడవలసిన పని లేదు కనక కళ్ళు మూసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ పాట నడుమ కళ్ళు మూయలేదు. నెమ్మదిగా ఉన్న దరువు చేతుల్లోకి వచ్చింది, మోచేతులెక్కింది, ఛాతీలోకి దిగింది. పెరిగింది. ఇంకా పెరిగింది. అంతమంది చేతులు కలిసి తన చేతుల్ని బాదుతున్నట్టుంది. హఠాత్తుగా పెట్టె కదలిక మానేసింది. చక్కగా ఆపారు, ఒక్క చెయ్యీ తప్పలేదు. అతనికి తృప్తిగా అనిపించింది. చేతులు తీయకుండా తరవాతి పాట కోసం కూర్చున్నాడు.

ఎంతసేపటికీ చెక్క కదలలేదు. కళ్ళు తెరిచేసరికి పెట్టె చుట్టూ ఎవరూ లేరు. రెండు పక్షాలూ కలిసిపోయి అటు చివర వడ్డనల దగ్గర ఉన్నాయి. పోయేటప్పుడు ఎవరో ఒకరు తనను పిలిచే ఉంటారు అనుకున్నాడు సెలుకా.