సుజాతక్క చెప్పని సూది

2025 డిసెంబరు మొదటి వారం. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖాన, రెండో అంతస్తు, ఆపరేషన్ థియేటర్ పక్కనున్న ప్రీ-ఆప్ గది. ఆపరేషన్‌కు వెళ్లే మనిషిని సిద్ధం చేసి లోపలికి పంపే గది అది. ఇరవై రెండేళ్లుగా అక్కడే నర్సుగా ఉన్నాను. నా చేతి మీదుగా వెళ్లిన పేషెంటుకు నా పొరపాటు వల్ల ఏదైనా అయిందన్న మాట అప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆ సంగతి కొత్త నర్సులకు అవసరం ఉన్నా లేకపోయినా చెబుతుండేదాన్ని. ఇక్కడ రాస్తున్నది ఆ గొప్ప కాస్తా దిగిపోయిన రోజు గురించి.

సుజాతక్కది హసన్‌పర్తి. నలభై ఏడేళ్లు. చర్చిలో స్త్రీల సంఘానికి పాటలు నేర్పుతుంది. భర్త రత్నం కాలేజీ బస్సు డ్రైవరు. పిత్తాశయంలో రాళ్లు చేరి అన్నం తిన్నప్పుడల్లా కుడి డొక్కలో నొప్పి. లాపరోస్కోపీ చేసి, అంటే పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, పిత్తాశయం తీసేయాలి. పెద్ద ఆపరేషనేమీ కాదు. క్రిస్మస్‌కు పాటలు పాడించాలి కాబట్టి తొందరగా చేయమని ఆమే పట్టుబట్టింది.

ఆమె ఒక్కతే వస్తే బాగుండేది. వెంట రత్నమన్న, ఆయన వెనక సంఘం ఆడవాళ్లు ఏడుగురు. పేషెంటు చుట్టూ నిలబడి చేతులు పట్టుకుని ప్రార్థన చేసి పంపడం వాళ్ల ఆనవాయితీ. మా దగ్గర ఇది రోజూ ఉండేదే, నేను ఎప్పుడూ కాదనలేదు. ప్రార్థన అయ్యాక వాళ్లు కదల్లేదు. నేనూ కదలమనలేదు. చెక్‌లిస్ట్ తీసుకున్నాను. ఆపరేషన్‌కు ముందు తప్పక అడగాల్సిన ప్రశ్నల కాగితం అది.

"ఎప్పుడు తిన్నవక్కా చివరికి?"

"నిన్న పొద్దుగూకంగ ఆరింటికి. రెండు ఇడ్లీలు."

"మందులేమన్న వాడుతున్నవా? బీపీ, షుగర్, థైరాయిడ్?"

"ఏం లేవు సిస్టర్."

రత్నమన్న భార్య మొహం చూశాడు, నా కాగితం చూశాడు, గొంతు సవరించుకుని "ఏం లేవమ్మా" అన్నాడు. ఆ గొంతు సవరింపు నాకు వినిపించింది. పట్టించుకోలేదు. 'లేవు' దగ్గర టిక్కు పెట్టేశాను.

సంఘం పెద్ద రూతమ్మక్క గర్వంగా అందుకుంది. "ఆమెకు మందులెందుకు సిస్టర్? ఉపవాస ప్రార్థనతోని ఆరు నెలల్ల పద్నాలుగు కిలోలు తగ్గింది. చర్చిల సాక్ష్యం సుత చెప్పింది. నిన్నటిసంది మేమంత ఈమె కోసం పస్తున్నం, తెలుసా?"

సుజాతక్క నేల చూపులు చూసింది. సిగ్గుపడుతోంది అనుకున్నాను. ఇరవై రెండేళ్ల అనుభవం నాది!

అందరినీ బయటికి పంపి, పరదా లాగి, పొట్ట శుభ్రం చేయడానికి గౌను పక్కకు జరిపాను. బొడ్డుకు అటూ ఇటూ చిన్న చిన్న మచ్చలు. కొన్ని నీలంగా, కొన్ని పసుపు తిరిగి. సూది గుర్తులు ఎట్లా ఉంటాయో నాకు ఒకరు చెప్పాలా?

"ఇవేందక్కా?"

"చీమలు కరిచినయ్."

"చీమలు లైన్ల నిలబడి కరిచినయా?"

ఆమె నవ్వబోయింది, అంతలో తేన్పు వచ్చింది. కుళ్లిన గుడ్డు వాసన. పద్నాలుగు గంటలుగా ఏమీ తినని మనిషికి ఆ తేన్పు రాకూడదు. దూది ట్రేలో పడేశాను.

కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాను. "అక్కా, ఇప్పుడు ఈడ నువ్వు, నేను, దేవుడు తప్ప ఎవ్వరు లేరు. బరువు తగ్గే సూది ఏస్కుంటున్నవా?"

ఆమె దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. అవును. వారానికోసారి పొట్టకు పొడుచుకునే ఇంజెక్షన్, పెన్నులాగా ఉంటుంది. మొదట ఒక డాక్టరు దగ్గరే మొదలుపెట్టింది. రెండు నెలలయ్యాక డాక్టరు దగ్గరికి పోవడం మానేసి, పాత చీటీ చూపించి తెచ్చుకుంటూ, తనకు తానే మోతాదు పెంచుకుంటూ వచ్చింది. చివరి సూది మొన్న ఆదివారం, చర్చి నుంచి ఇంటికి రాగానే. అంటే మూడు రోజుల కిందట.

"మరి అడిగితే చెప్పాలె గదా!" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"సాక్ష్యం చెప్పిన సిస్టర్. ప్రభువే దించిండని అందరి ముంగట చెప్పిన. మొదలు ఊకె ఒకమాట అన్న, గంతే. చప్పట్లు కొట్టిన్రు. గా తర్వాత సూది అని ఎట్ల చెప్పాలె? నన్ను చూసి ఎంతమంది పస్తులుంటాన్రో తెలుసా? వాళ్ల మొఖం ఎట్ల చూడాలె?"

కోపం వచ్చింది, ఎందుకు రాదు? ఆమె మీద సగం, నా మీద సగం. ఏడుగురు సాక్షులను చుట్టూ నిలబెట్టి ఆ ప్రశ్న అడిగింది నేనే.

ఈ రకం మందు ఆకలి తగ్గించడమే కాదు, కడుపు ఖాళీ అయ్యే వేగాన్నీ తగ్గిస్తుంది. తిన్నది గంటల తరబడి అక్కడే ఉండొచ్చు. మత్తు ఇచ్చాక అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పిరేషన్ అంటాం. మనిషి టేబుల్ మీదే పోవచ్చు. అందుకే ఈ మందు ఎప్పుడు వేసుకున్నారో మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. అప్పుడు ఆపాలా, ఎన్నాళ్లు ఆపాలి, ముందు రోజు నీళ్లలాంటి ఆహారమే ఇవ్వాలా అన్నది ఆ డాక్టరే తేలుస్తారు. ఇంకో పదిహేను నిమిషాలైతే సుజాతక్కను లోపలికి తోసేవాళ్లం. నా టిక్కు చూసుకుని.

మత్తు డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ వెంటనే చిన్న అల్ట్రాసౌండ్ మెషిన్ తెచ్చి, సుజాతక్క కడుపు మీద పెట్టి చూసింది. తెర నావైపు తిప్పింది. కడుపు ఖాళీగా లేదు. నిన్నటి ఇడ్లీ ఇంకా అక్కడే ఉంది. ఆపరేషన్ వాయిదా.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఇంటివాళ్లకు చెప్పాలి, పేషెంటు గుట్టు చెప్పకూడదు. డాక్టరమ్మ రత్నమన్నను, రూతమ్మక్కను లోపలికి పిలిచి, "కడుపులో తిండి ఉంది, ఇవాళ మత్తు ఇవ్వను" అని మాత్రం అంది.

రత్నమన్న తెల్లబోయాడు. రూతమ్మక్క మాత్రం మంచం మీదికి వంగింది. "ఏం సుజాతా, దాసుకొని తిన్నవా? మేమంత నీకోసం కడుపు మాడ్చుకుంటే నువ్వు తిన్నవా?"

సూది మాట నా నోటి దాకా వచ్చింది. పంటి బిగువున ఆపుకున్నాను. అది చెప్పే హక్కు నాకు లేదు. తినలేదని ఆమె ఒట్టు పెట్టుకున్నా నమ్మేవాళ్లు లేరు. తిన్నానని ఒప్పుకుంటే సూది గుట్టు గుట్టుగానే ఉండిపోయేది. సుజాతక్క నావైపు చూసింది. అదే చెబుతుందేమో అని నాకు భయమేసింది.

ఆమె లేచి కూర్చుని కొంగు సరిచేసుకుంది. "తినలే అక్కా. సూది ఏస్కున్న. ఆరు నెలలసంది ఏస్కుంటాన. బరువు దిగింది దాంతోని. సాక్ష్యంల అబద్ధం చెప్పిన."

రత్నమన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"అంటే... షుగర్ లేదా నీకు?"

"నాకు షుగరెందుకుంటది?"

"మరి ఫ్రిజ్‌ల గుడ్ల ఎనక కవర్ల చుట్టి పెట్టిన పెన్ను? ఇన్సులిన్ గాదా అది?" అంటూనే ఆ పెద్దమనిషి ఏడుపు, నవ్వు కలిపి మొదలుపెట్టాడు. "మా అన్న కాలు పోయింది షుగర్‌తోనే గదనే! నువ్వు దాస్తాన్నవంటే నీకు భయమున్నదనుకొని అడగలే. నాలుగు నెలలసంది నీతోని పాటు నేను సుత చక్కెర లేని చాయ్ తాగుతాన. నాకు చక్కెర లేకుంటే చాయ్ దిగదని నీకెర్కే గద!"

"నేనేమో నీకు పొట్ట పెరిగిందని మానేసినవనుకున్న" అంది సుజాతక్క.

నా ఓపిక అక్కడితో అయిపోయింది. "బాగుంది మీ కాపురం! ఆమె దాస్తది, నువ్వు చూసి దాస్తవు. ఇన్సులిన్ అనుకున్నోనివి షుగర్ లేదని నాకెట్ల చెప్పినవన్నా? అది ఇన్సులినే అయితే గప్పుడు ఏమయ్యేది?" అని ఇద్దరినీ కలిపి దులిపేశాను. ఆయన చేతులు జోడించాడు. నేను తిట్టింది భయంతోనని వాళ్లకూ తెలుసు.

రూతమ్మక్క సుజాతక్క జుట్టు వెనక్కి దువ్వుతూ, "బతికినవు. ముందుగాల అది సాలు" అంది. తలుపు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చి, నా చెవిలో అడిగింది: "సిస్టర్, నిజంగ పనిచేస్తదా అది?"

ఆ మధ్యాహ్నమే మా ఫిజీషియన్ సారు సుజాతక్కను చూశారు. మందు పనిచేస్తుందనే చెప్పారు. వేగంగా బరువు తగ్గినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు రావచ్చని, ఈమె రాళ్లకు కారణం అదే అయ్యుండొచ్చని కూడా చెప్పారు. తిండి మరీ తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుందన్నారు.

"ఎన్నేండ్లు ఏస్కోవాలె సారు?"

"బీపీ గోలీ లాగే అనుకోమ్మా. వాడినన్నాళ్లు పనిచేస్తది. ఆపితే చానామందికి బరువు తిరిగొస్తది."

"జీవితమంత ఏస్కుంటే ఏం గాదా?"

"కొన్నేళ్లు వాడినోళ్ల సంగతి తెలుసు. ఇరవై, ముప్పై ఏళ్లు వాడితే ఎట్లుంటదో నాకు తెల్వదు. తెలిసినట్టు చెప్పను. అందుకే వాడితే నా ముందర వాడు, దాసుకొని వాడకు."

డాక్టర్లు 'తెలియదు' అనడం నేను అరుదుగా విన్నాను. ఆ మాటే సుజాతక్కకు ధైర్యం ఇచ్చినట్టుంది. కళ్లు తుడుచుకుని తలూపింది.

పది రోజులు సూది లేదు. ముందు రోజంతా మజ్జిగ తేట, పప్పుకట్టు లాంటివే. రెండోసారి చెక్‌లిస్ట్ చదివినప్పుడు గదిలో మేమిద్దరమే. డాక్టరమ్మ స్కాన్ పెట్టి, "ఖాళీ" అంది. అంత మంచి మాట ఆ ఏడాది నేను వినలేదు. గంటలో ఆపరేషన్ అయిపోయింది. కళ్లు తెరిచీ తెరవగానే సుజాతక్క "చాయ్" అంది. బయట రత్నమన్నకు ఆ సంగతి చెబితే, చక్కెర వేయించుకుని రెండు కప్పులు తనే తాగొచ్చాడు.

సూది లేని రోజుల్లో ఆకలి తిరిగొచ్చింది. జనవరి చెకప్‌కు మూడు కిలోలు పెరిగింది. సారు మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెట్టించి, పొద్దున ఒక గుడ్డు, సాయంత్రం చెరువు కట్ట మీద నడక రాసిచ్చారు. ఇప్పుడు బరువు ఒకచోట నిలిచింది. తగ్గిన పద్నాలుగు కిలోలూ తగ్గినట్టే ఉండకపోయినా మోకాళ్ల నొప్పి లేదు, మెట్లు ఎక్కుతోంది. ఆమెకు అది చాలు.

మందులు దాచేవాళ్లు అబద్ధాలకోరులని నేను అనుకునేదాన్ని. కాదు, ఎవరి ముందో తలెత్తుకోవాలని దాస్తారు. అప్పటి నుంచి ప్రార్థన అవగానే అందరినీ బయటికి పంపుతాను, రత్నమన్నలాంటి మంచి మొగుళ్లతో సహా. పరదా లాగాకే ప్రశ్న అడుగుతాను. సూది పేరు పెట్టి మరీ అడుగుతాను.

సుజాతక్క చర్చిలో మళ్లీ నిలబడి సాక్ష్యం సరిదిద్దుకుందట. ఈసారి చప్పట్లు లేవట. ఈ సంగతి నాకు చెప్పింది ఆమె కాదు. మొన్న హెర్నియా ఆపరేషన్‌కు హసన్‌పర్తి నుంచి ఒకామె వచ్చింది. అందరినీ పంపి, పరదా లాగి, కాగితం తీశాను. నేను నోరు తెరవకముందే ఆమె అంది:

"నేను సుత ఏస్కుంటాన సిస్టర్. పోయిన వారం ఆపిన. అడగకముందే చెప్పమని సుజాతక్క మరీ మరీ చెప్పి పంపింది."