గాజు గొట్టం మేనత్త

మా మేనత్త ఎవరు ఏం చెప్పినా నమ్మదు. అది తప్ప ఆవిడలో వంక పెట్టడానికి ఏమీ లేదు. "ఇవాళ ఆదివారం అత్తా" అంటే "ఎవరన్నారు?" అంటూ కాలెండరు దగ్గరికి నడుస్తుంది. నేను పరీక్ష పాసయ్యానని పరుగెత్తుకొచ్చి చెప్పినప్పుడు కూడా ముందు "ఎవరన్నారు?" అంది. ఫలితం కళ్ళారా చూశాకే నన్ను ముద్దు పెట్టుకుంది.

ఇంటి వెనక షెడ్డులో ఆవిడకు ఒక పాత కారుంది. పైకి చూస్తే పెన్షన్ తెచ్చుకోవడానికి వెళ్ళే ముసలాయన కారులా ఉంటుంది. బానెట్ ఎత్తితే లోపల ఇంజన్లోకి గాలి కుక్కి వేగం పెంచే పనసకాయంత టర్బో. ఆ కారు ఉరకాలంటే పెట్రోలు చాలదు, ఇథనాల్ కావాలి. ఇథనాల్ ఉంటే ఇంజన్ చల్లగా ఉండి, టర్బో ఎంత గాలి కుక్కినా ఓర్చుకుంటుంది. కాకపోతే పెట్రోలు కంటే చాలా ఎక్కువ ఖర్చవుతుంది.

"మన ఇంటావంటా తాగేవాళ్ళు లేరనుకున్నాను. ఈ కారొకటి తయారైంది" అని మావయ్య వాపోయేవాడు.

పాపం, మావయ్య బాధ అది ఒక్కటే కాదు. అత్తయ్య కారు ట్యూన్ చేసేటప్పుడు పక్క సీట్లో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని అంకెలు చదవాల్సింది ఆయనే. కారు ఉరికిందంటే ఆయన కళ్ళు మూసుకుపోయేవి.

"ఎంత చూపిస్తోంది?"

"బాగానే ఉందే!"

"ఎవరన్నారు? కళ్ళు తెరిచి చదవండి!"

"తెరిస్తే రోడ్డు కనపడుతోందే!"

ఇక అత్తయ్య చొక్కా జేబులో ఎప్పుడూ కొలత గీతలున్న గాజు గొట్టం ఒకటి ఉంటుంది. అందులో అడుగున కొంచెం నీళ్ళు పోసి, పైన ఇంధనం పోసి కుదుపుతుంది. ఇథనాల్ దిగి నీళ్ళలో కలిసిపోతుంది, పెట్రోలు విడిగా పైన తేలుతుంది. రెంటికీ మధ్య ఏర్పడే గీత ఎంత పైకి వస్తే ఇథనాల్ అంత ఎక్కువున్నట్టు. అత్తయ్య ప్రతి డబ్బానూ ఇలాగే చూస్తుంది. తానే సీలు వేసిన డబ్బాను కూడా చూస్తుంది. "నువ్వే కదా అత్తా నింపావు?" అంటే, "నన్ను మాత్రం ఎందుకు నమ్మాలి?" అంటుంది.

ఈ నస భరించలేకే తూనీగ వెళ్ళిపోయాడు. వాడు అత్తయ్య దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడు, గాల్లో తేలినట్టు కారు నడుపుతాడని ఆ పేరు. ఎదురు వీధిలోనే సొంత షెడ్డు పెట్టి, అత్తయ్య రికార్డు బద్దలు కొడతానని అందరికీ చెప్పుకు తిరిగాడు. ఆ రికార్డు పాత విమానాల రన్‌వే మీద జరిగే పోటీలో అత్తయ్య పెట్టింది. అక్కడి నల్లబోర్డు మీద ఏళ్ళ తరబడి ఆవిడ పేరే ఉంది. తూనీగ తన సంపాదనంతా ఇథనాల్ తాగే ఇంజన్ మీదే పోశాడు. అది పేలితే వాడికి షెడ్డూ లేదు, బతుకుతెరువూ లేదు.

ఈసారి పోటీకి నిర్వాహకుడు కొత్త రూలు పెట్టాడు. అందరూ తాను తెప్పించిన డ్రమ్ముల్లోని ఇంధనమే పోసుకోవాలట. అత్తయ్య గొట్టం తీసింది.

"మేడమ్, నూటికి ఎనభై ఐదు పాళ్ళు ఇథనాల్! డ్రమ్ము మీద రాసుంది కదా."

"ఎవరు రాశారు?"

గొట్టం కుదిపింది. గీత సగం దగ్గరే ఆగిపోయింది. అత్తయ్య తిన్నగా వెళ్ళి తన కారును స్టార్టింగ్ గీత మీద అడ్డంగా పెట్టి, తలుపులు వేసుకుని కూర్చుంది.

జనం ఈలలు వేశారు. "రికార్డు పోతుందని భయం!" అని ఎవరో అరిచారు.

వరసలో మొదట ఉన్న తూనీగ దిగి వచ్చాడు. "ఓడిపోతానని భయమైతే చెప్పక్కా. ఈ నాటకం ఎందుకు?"

"ఆ పెట్రోలు కలిపిన కల్తీ సరుకుతో నువ్వు గట్టిగా తొక్కితే నీ పిస్టన్లు కరిగి కారిపోతాయిరా వెధవా!"

"కారు లాగించేస్తాను" అన్నాడు నిర్వాహకుడు.

"లాగించుకో. నేను లోపలే ఉంటాను. ముందు ఈ గొట్టం నీ చేత్తో కుదుపు, తర్వాత నన్ను కుదుపుదువుగాని."

ఆయన విసుక్కుంటూ ఒక్కో డ్రమ్ములోంచీ కాస్త తీసి గొట్టంలో పోసి కుదిపాడు. ప్రతిసారీ గీత సగంలోనే నిలబడింది. ఆయన ముఖం పాలిపోయింది. ఆ డ్రమ్ములు వద్దని, సొంత ఇథనాల్ తెచ్చుకున్నవాళ్ళే పరుగు తీయొచ్చని ప్రకటించాడు. ఎవరి మాటా నమ్మని మనిషి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరుంటుంది? అత్తయ్య డిక్కీలో ఒక్క డబ్బా ఉంది, అది ఒక్క కారుకు సరిపోతుంది.

తూనీగ తల వంచుకుని కారు ట్రక్కు ఎక్కించబోయాడు.

"ఎక్కడికిరా?" అంటూ అత్తయ్య డబ్బా పట్టుకుని వెళ్ళి వాడి ట్యాంకు మూత తీసింది.

"నాకెందుకక్కా? మరి నీకు?"

"నా కారుకు మామూలు పెట్రోలుతో మెల్లగా పోవడం కూడా నేర్పాను. నీ దానికి ఆ బుద్ధి లేదుగా! కల్తీ డ్రమ్ము పుణ్యమా అని నా రికార్డు నిలబడిందని రేపు ఎవడైనా అంటే నేను తలెత్తుకోగలనా? ఆ ముష్టి నాకొద్దు. పట్టుకో గరాటు!"

వాడి ట్యాంకులోని కల్తీ అంతా ఒంపించేసి, తిడుతూనే తన డబ్బా ఆఖరి చుక్క దాకా పోసింది. నాకు గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళూ అందరూ అనుమానపు మనిషని నవ్వుకున్న మా అత్త, అలా గొట్టం పట్టుకుని ఎందరి ఇంజన్లను కాచిందో!

తూనీగ దూసుకుపోయాడు. రికార్డు బద్దలైందని మైకులో చెప్పారు.

"ఎవరన్నారు?" అంది అత్తయ్య. టైము చూసే బల్ల దగ్గరికి వెళ్ళి, అంకె స్వయంగా చూసి తల ఊపింది. తర్వాత నల్లబోర్డు దగ్గర నిచ్చెన ఎక్కి, గ్రీజు గుడ్డతో తన పేరు తానే తుడిచేసి, వాడి పేరు పెద్ద అక్షరాలతో రాసింది. వాడు కింద నిలబడి చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు.

"ఏడుపు ఆపరా. మూడో గేరు ఆలస్యంగా వేశావు" అని అత్తయ్య నిచ్చెన దిగి చేతులు దులుపుకుంది. "అయినా మరీ మురిసిపోకు. సుద్దముక్కతోనే రాశాను."